ఫార్మాట్ కొట్టే ముందు

(2026 సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం విజయవాడలో డీటీపీ ఆపరేటర్లు, చిన్న ప్రెస్సులవాళ్లు, కొందరు రచయితలు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చేయండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ప్రొజెక్టర్ లాంటివేమీ పెట్టలేదు. ఆ బల్ల మీద ఒక పాత లాప్‌టాప్ ఉంది చూశారా, దాని సంగతి చివర్లో చూద్దాం.

దసరా వెళ్లిన దగ్గర్నుంచి నాకు వస్తున్న ఫోన్లలో సగం ఒకే ప్రశ్న. "అన్నా, విండోస్ 10 అయిపోయిందంటున్నారు కదా, 11 వేయించమంటావా? లినక్స్‌కి పోమంటావా? అసలు సిస్టమే మార్చేయమంటావా?" నేను తిరిగి ఒకటే అడుగుతాను. "నీ దగ్గర పదిహేనేళ్ల కిందట కొట్టిన మ్యాటర్ ఉందా? ఉంటే ఏ ఫాంట్‌లో ఉంది?" అవతల కాసేపు మాట ఉండదు. ఆపరేటింగ్ సిస్టం గురించి, అంటే కంప్యూటర్‌ని నడిపే విండోస్, లినక్స్ లాంటి మూల ప్రోగ్రాం గురించి అడిగితే ఫాంట్ గురించి అడుగుతాడేంటి అనుకుంటారు. సంబంధం ఉంది. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ సంబంధం గురించే.

ముందు తేదీల సంగతి తేల్చేద్దాం. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూసి చాలామంది టెన్షన్ పడుతున్నారు. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపింది 2025 అక్టోబరు 14న. ఆపింది అంటే ఏమిటి? మర్నాటి నుంచి సిస్టం ఆన్ అవ్వదనా? కాదు. మీలో చాలామంది షాపుల్లో ఈ ఉదయం కూడా ఆన్ అయ్యే ఉంటుంది. ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి కదా, అవి ఇక మామూలుగా రావు. అంతే. అంతే అంటున్నాను గానీ అది చిన్న విషయం కాదు.

2017 మే 12 గుర్తుందా ఎవరికైనా? వానాక్రై అనే వైరస్. ఫైళ్లన్నీ తాళం వేసేసి, డబ్బు కడితేనే ఇస్తామని తెర మీద ఎర్రగా నోటీసు పెట్టింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అది దూరిన కన్నం పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. పాత విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లకైతే వేసుకుందామన్నా అప్‌డేట్ లేదు, దానికి 2014లోనే మద్దతు ఆగిపోయింది. దాడి జరిగాక, పరిస్థితి చూసి, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒకటి వదిలింది. ప్రతిసారీ అలా వదులుతారా? వదులుతారని నమ్ముకుని షాపు నడపగలమా?

అయితే కొంచెం ఊపిరి తీసుకోవడానికి వ్యవధి ఉంది. విండోస్ 10 వాళ్లకి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. అది 2026 అక్టోబరు 13 వరకు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, మీ సెట్టింగ్స్‌ను వాళ్ల క్లౌడ్‌లోకి బ్యాకప్ పెడితే డబ్బులు అక్కర్లేదు. అది ఇష్టం లేకపోతే 30 డాలర్లు కట్టాలి, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు 1000 ఉంటే వాటితో తీసుకోవచ్చు. విండోస్ 10లో చివరి వెర్షన్, 22హెచ్2, ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. పెద్ద ఆఫీసుల్లో డొమైన్‌కి కలిపిన సిస్టంలకు ఇది వర్తించదు, వాళ్ల దారి వేరు. ఇవాళ ఇంటికెళ్లి చేయాల్సిన మొదటి పని ఇది. ఎందుకు మొదటిది? ఇది చేస్తే మీకు ఇంకా దాదాపు తొమ్మిది నెలలు చేతిలో ఉంటాయి. ఆ తొమ్మిది నెలలు ఎంత విలువైనవో చెప్పడానికి నా సంగతి ఒకటి చెబుతాను.

2014. ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మద్దతు ఆగింది. అప్పుడు మన దగ్గర ఏం జరుగుతోంది? మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మునిసిపల్ ఎన్నికలు, జెడ్పీటీసీలు, ఎంపీటీసీలు, వాటి వెనకే అసెంబ్లీ, పార్లమెంటు. మే 7న పోలింగ్. ప్రెస్సులవాళ్లకి అంతకు మించిన సీజన్ ఉంటుందా? కరపత్రాలు, నమూనా బ్యాలెట్లు, రాత్రీ పగలూ. ఆ మధ్యలో నేను, ఎక్స్‌పీ ఇక ప్రమాదం అని పేపర్లో చదివి, ఒక రాత్రి కూర్చుని విండోస్ 7 వేశాను. 64 బిట్‌ది వేశాను, అదే మంచిదన్నారని. తెల్లారి చూస్తే ప్రింటర్ లేదు. ప్రింటర్ బల్ల మీదే ఉంది, సిస్టంకి కనిపించట్లేదు. దాని డ్రైవర్, అంటే ప్రింటర్‌ని సిస్టంకి పరిచయం చేసే ప్రోగ్రాం, 32 బిట్‌కే ఉంది, 64 బిట్‌కి కంపెనీ తయారే చెయ్యలేదు. మళ్లీ 32 బిట్ వేసి, ఫాంట్లు వేసి, సాఫ్ట్‌వేర్ నడవడానికి తగిలించే డాంగిల్ పనిచేసేదాకా మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నా దగ్గరకు రావాల్సిన పని ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు. మ్యాటర్ ఇచ్చిన అభ్యర్థి మనిషి ఒకాయన షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంకా ఎంతసేపు బాబూ?" అని అడుగుతూనే ఉన్నాడు. కోప్పడితే తట్టుకునేవాడిని. ఆయన కోప్పడలేదు.

నేను చేసిన తప్పు ఎక్స్‌పీ మార్చడం కాదు. మార్చాల్సిందే. నా పని ఏ తాడుతో దానికి కట్టి ఉందో చూసుకోకుండా తాడు కోశాను. అది తప్పు.

మీలో ఒక్కొక్కరికి ఆ తాడు ఒక్కోచోట ఉంటుంది. కొందరికి ప్రింటర్. కొందరికి స్కానర్, పదేళ్ల కిందట కొన్నది, ఇంకా శుభ్రంగా పనిచేస్తోంది. పక్కనే టాక్స్ పని కూడా చేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, డిజిటల్ సంతకం టోకెన్. ఆధార్ పనులు చేసేవాళ్లకి వేలిముద్ర యంత్రం. మన వాళ్లలో ఎక్కువమందికి మాత్రం అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాత ఫాంట్లు, వాటి కీబోర్డు. ఒక కాగితం తీసుకుని ఇవన్నీ రాసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, సీడీ ఎక్కడుంది, సీరియల్ నంబరు ఎక్కడ రాశాం, డాంగిల్ పనిచేస్తోందా, ప్రింటర్ మోడల్ నంబరేమిటి. ఆ నంబరు కొట్టి కంపెనీ సైట్లో విండోస్ 11కి డ్రైవర్ ఉందో లేదో చూడండి. గంట పని. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు, అంతా 64 బిట్టే. 2014లో నేను వెనక్కి వెళ్లినట్టు ఈసారి 32 బిట్‌కి వెళ్లే దారి లేదు. అందుకే ముందే చూడమంటున్నాను.

పేజ్‌మేకర్ సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు, కంపెనీ ఇన్‌డిజైన్ అనే ఇంకో ప్రోగ్రాం వైపు వెళ్లిపోయింది. అంటే పాతికేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ మీద మన తెలుగు పుస్తకాలు, శుభలేఖలు, పంచాంగాలు, జిల్లా పత్రికలు నడుస్తూ వచ్చాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. దాని వల్లే నేను అన్నం తిన్నాను. 11 మీద కూడా కొందరు దాన్ని ఎలాగో నడుపుతున్నారు. ఇవాళ నడుస్తోంది. రేపు ఒక అప్‌డేట్ వచ్చి నడవకపోతే ఎవరిని అడుగుతాం? అడగడానికి అవతల ఎవరూ లేరు.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ తెరిచేది, కానీ సీఎస్6 అనే వెర్షన్ వరకే. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ సౌకర్యం తీసేశారు. మీ దగ్గర ఎక్కడైనా సీఎస్6 లైసెన్సు ఉన్న సిస్టం ఉంటే దాన్ని ఫార్మాట్ కొట్టకండి. అది మీ పాత పనికీ కొత్త పనికీ మధ్య ఉన్న వంతెన. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్‌లో డ్రా అని ఒకటి ఉంటుంది, అదీ పేజ్‌మేకర్ ఫైళ్లను కొంతవరకు తెరుస్తుంది. పేజీ అచ్చంగా రాదు, మ్యాటర్ బయటికి తీసుకోవడానికి పనికొస్తుంది.

మ్యాటర్ బయటికి వచ్చాక ఏం కనిపిస్తుంది? ఇక్కడికే రావాలనుకున్నాను.

నిరుడు ఒక పెద్దాయన మా షాపుకి వచ్చారు. రిటైర్డ్ తెలుగు మేష్టారు. చేతిలో సీడీ. ఇరవై ఏళ్ల కిందట వేసుకున్న నవల, కాపీలు అయిపోయాయి, మళ్లీ వేయించుకుందామని. అప్పట్లో కంపోజ్ చేసిన షాపు ఇప్పుడు లేదు. సీడీ చదవడానికి డ్రైవ్ ఎక్కడో వెతికి తెచ్చి తగిలించాం. ఫైలు వచ్చింది. తెరిచాం. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న పరాయి అక్షరాలు. తెలుగు ఒక్క ముక్క లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇది నా నవలేనా నాయనా?" అన్నారు.

ఆయన నవలే. ఎక్కడికీ పోలేదు. కాకపోతే అది తెలుగుగా దాచలేదు. పాత పద్ధతి డీటీపీ ఫాంట్లలో జరిగేది అదే కదా. కంప్యూటర్ లోపల ఉన్నది ఇంగ్లిషు అక్షరం, దాని మీద తెలుగు బొమ్మ అతికించినట్టు. ఆ ఫాంట్ ఉంటే తెలుగు. ఆ ఫాంట్ లేకపోతే గీతలు. యూనికోడ్ అలా కాదు. 'క' అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా 'క'నే. తెలుగుకి 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే చోటు ఉంది. విండోస్‌లో మనకు అది చేతికందింది ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో. అంటే ఇరవై ఏళ్లకు పైనే. ఇరవై ఏళ్లుగా మనం ఎందుకు పూర్తిగా మారలేదంటే కారణాలున్నాయి, నాకు తెలుసు. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగు తీసుకోదు. ప్రెస్సువాళ్లకి పాత ఫాంట్ల వత్తులు, ఆ అందం అలవాటు. కస్టమర్ "నాకు ఆ ఫాంటే కావాలి" అంటాడు. ఆ కారణాలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే తెలుగు వత్తులు సరిగా వస్తున్నాయి. పేజీలు కూర్చడానికి ఉచితంగా వచ్చే స్క్రైబస్ కొత్త వెర్షన్లలోనూ వస్తున్నాయి. ఫాంట్లంటారా, రామభద్ర, మండలి, గిడుగు, సురవరం, ధూర్జటి, పెద్దన, తిమ్మన, ఇలా డజనుకు పైగా ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

మేష్టారి నవలకి ఏం చేశాం? కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చాం. తొంభై పాళ్లు తెలుగు అయింది. మిగతాది కూర్చుని దిద్దాలి. 'క్ష'లు ఒకచోట విడిపోతాయి, వత్తు ఒక్కోసారి ముందు అక్షరానికి బదులు తర్వాతి దానికి అంటుకుంటుంది, సున్నా ఎక్కడో తేలుతుంది. ఆయన పది రోజులు వచ్చి మా షాపులో కూర్చుని తన నవల తనే ప్రూఫు చూసుకున్నారు. ఇప్పుడు ఆ ఫైలు ఫోన్లో తెరిచినా తెలుగే.

అందుకే మీరు విండోస్ అడిగితే నేను ఫాంట్ అడుగుతున్నాను. మ్యాటర్ యూనికోడ్‌లో ఉన్నవాడికి 10 అయినా 11 అయినా లినక్స్ అయినా పెద్ద తేడా లేదు. పాత ఫాంట్‌లో ఉన్నవాడు ఏది మార్చాలన్నా భయపడాల్సిందే. ఆ భయం ఆపరేటింగ్ సిస్టం వల్ల వచ్చింది కాదు.

ఇదివరకే యూనికోడ్‌కి మారినవాళ్లు చేతులు దులుపుకోకండి, మీకూ ఒక మాట. గౌతమిలో గానీ వాణిలో గానీ పుస్తకం కంపోజ్ చేసి పెట్టారనుకోండి. కొత్తగా వేసిన విండోస్‌లో ఆ రెండు ఫాంట్లు తమంతట తాము ఉండకపోవచ్చు. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని విడిగా దించుకోవాలి. దించుకోకపోతే సిస్టం తన దగ్గరున్న నిర్మల ఫాంట్ పెట్టేస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. మరి పేజీలు? 160 పేజీల పుస్తకం, 16 పేజీల ఫారం చొప్పున సరిగ్గా పది ఫారాలు. ఫాంట్ మారి లైన్లు జరిగి 163 అయ్యిందంటే? మూడు పేజీల కోసం పదకొండో ఫారం. కాగితం, ప్లేటు, బైండింగ్, అన్నీ పెరిగాయి. కోట్ చేసిన రేటు మాత్రం పెరగదు. సిస్టం మార్చాక పాత ఫైలు ప్రింటుకు ఇచ్చేముందు పేజీల సంఖ్య చూసుకోండి. ఇంకా మంచిది, మార్చకముందే ప్రతి ముఖ్యమైన పుస్తకానికీ ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే లోపలే పొదిగిన, పీడీఎఫ్ తీసి పెట్టుకోండి.

సరే, ఇప్పుడు మీ పెట్టె 11ని మోస్తుందా లేదా.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం నుంచి అని గుర్తుపెట్టుకోండి, 2017 చివర్లో వచ్చినవి. ఎలా తెలుస్తుంది? సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో అబౌట్. ప్రాసెసర్ పేరు పక్కన ఐ3, ఐ5 తర్వాత గీత ఉండి నంబరు ఉంటుంది. 7400 అంటే 7వ తరం, రాదు. 8400 అంటే 8వ తరం, వస్తుంది. ఏఎండీ అయితే రైజెన్ 2000 వరస నుంచి చాలావాటికి వస్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. 4 జీబీతో 11 మీద ఇన్‌డిజైన్ తెరిచి చూడండి, టీ తాగి రావచ్చు. 8 కనీసం ఉండాలి. ర్యామ్ ధరలు ఈ మధ్య బాగా పెరిగాయి, అది కూడా లెక్కలో వేసుకోండి.

11కి కావాల్సినది ఇంకొకటి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. దీని దగ్గర చాలామంది మోసపోతున్నారు. మోసం అంటే ఎవరో చేశారని కాదు, తెలియక. హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాడి ప్రోగ్రాం ఉంది, అది నడిపితే "ఈ పీసీకి 11 రాదు" అని చూపిస్తుంది. వెంటనే కొత్త సిస్టం కొనేస్తారు. ఒక్క నిమిషం ఆగి ఎందుకు రాదందో చదవండి. ప్రాసెసర్ పాతదైతే చేసేదేమీ లేదు. టీపీఎం కనపడట్లేదు అంటే మాత్రం చాలాసార్లు అది లోపల ఉండి ఆపేసి ఉంటుంది. బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే సరి. గత నెల ఒక తమ్ముడు కొత్తది కొనడానికి అడ్వాన్సు కట్టబోతుంటే ఆపి, ఆ ఒక్క సెట్టింగ్ మార్చాం. అదే సిస్టంలో ఇప్పుడు 11 నడుస్తోంది. 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ ఉచితమే, లైసెన్సు సరైనదైతే.

ఈ అర్హతలు లేని సిస్టంలో కూడా అడ్డదారిలో 11 వేసి ఇస్తున్నారు. వేయొచ్చు, వస్తుంది. కానీ అలాంటి సిస్టంలకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా మారుతున్నది? అవే ఖాయం కానప్పుడు ఎందుకా శ్రమ? సొంతానికి, ప్రయోగానికి చేసుకోండి. కస్టమర్ మ్యాటర్ ఉన్న సిస్టంలో నేనైతే చెయ్యను.

లైసెన్సు అన్నాను కాబట్టి, ఇది మనలో మనం మాట్లాడుకోవాలి. క్రాక్ విండోస్, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ. దాన్ని యాక్టివేట్ చేసే బుల్లి ప్రోగ్రాం నడపాలంటే ముందు ఏం చెయ్యమంటారు? యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాంకి ఇంటి తాళాలన్నీ ఇచ్చి, కాపలా కుక్కను కట్టేసినట్టే కదా? మీ సిస్టంలో నాలుగువందల మంది ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, పెళ్లి ఫోటోలు ఉన్నాయి. మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. డబ్బులు పెట్టలేని పరిస్థితి అయితే నేను అర్థం చేసుకుంటాను, నేనూ ఆ పరిస్థితిలో ఉన్నవాణ్ణే. దానికి పరువైన దారి ఒకటి ఉంది, అది లినక్స్.

లినక్స్ అనగానే నల్ల తెర మీద ఏవో ఆజ్ఞలు టైపు చెయ్యడం అనుకుంటారు. ఆ రోజులు పోయాయి. లినక్స్ రకాల్లో మింట్ అని ఒకటి ఉంది. విండోస్ 7 వాడిన మనిషి పది నిమిషాల్లో చెయ్యి కుదుర్చుకుంటాడు. కింద పట్టీ, ఎడమవైపు మెనూ, ఫైళ్లు, ఫోల్డర్లు, అంతా అలవాటైన చోటే. ఇప్పుడున్న మింట్ 22 వరసకి 2029 వరకు మద్దతు ఉంది. ఏడో తరం, ఆరో తరం సిస్టంలకు, 4 జీబీ వాటికి, హాయిగా సరిపోతుంది. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే కొత్తదానిలా లేస్తుంది. కేరళలో ప్రభుత్వ బడులన్నీ ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడి పిల్లలు పదో తరగతి ఐటీ పాఠాలు దాని మీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు తెలుగులోనే మెనూలు వచ్చేలా లినక్స్ తయారు చేశారు. ఇది ఎక్కడిదో పరాయి వ్యవహారం కాదు.

అయితే లినక్స్ అందరికీ అని నేను చెప్పను. టాలీ మీద బతికేవాడికి లినక్స్ చెప్తే నేను ద్రోహం చేసినట్టే. టాలీ విండోస్ కోసం చేసింది. కోరల్ డ్రా, ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లినక్స్‌కి లేవు. వైన్ అని మధ్యవర్తి ప్రోగ్రాం ఉంది, దాని మీద కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. రోజువారీ సంపాదన దాని మీద పెట్టకండి. సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం ఉన్నవాళ్లు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందు కనుక్కోవాలి. మరి ఎవరికి? రాసుకునేవాళ్లకి. ఇక్కడ ముగ్గురు నలుగురు రచయితలు ఉన్నారు, అమ్మా, మీకు ఏం కావాలి? తెలుగు కొట్టడం, దాచుకోవడం, మెయిల్ పంపడం, బ్యాంకు పని. అన్నీ జరుగుతాయి. షాపులో నాలుగు సిస్టంలు ఉంటే, టైపింగ్ మాత్రమే చేసే రెండింటికి పెట్టుకోవచ్చు. కీబోర్డు సంగతి అడుగుతారు, తెలుసు. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్‌టీఎస్ ఉంది, యాపిల్ పేరుతోనూ తెలుగు లేఅవుట్ ఉంది. ఇరవై ఏళ్లు ఒకే కీబోర్డు మీద పరిగెత్తిన వేళ్లకి ఒక్క మీట తేడా వచ్చినా చిరాకే. అందుకని ఒక పేజీ కొట్టి చూసుకుని, ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి.

కొట్టి చూడటానికి ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే సిస్టం లేపొచ్చు. మీ హార్డ్ డిస్కు జోలికి పోదు. ప్రింటర్ తగిలించి చూడండి, స్కానర్ పెట్టి చూడండి, వైఫై వస్తోందా చూడండి. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ కొడితే మీ విండోస్ మీకే. ఇంత తేలిగ్గా చూసుకునే అవకాశం ఉన్నప్పుడు, బాగుంటుందా బాగోదా అని నన్ను అడగడం ఎందుకు చెప్పండి?

ఇక మార్చాలని నిర్ణయించుకున్న రోజు. బ్యాకప్ గురించి అందరికీ తెలుసంటారు. "ఉంది అన్నా, డీ డ్రైవ్‌లో పెట్టాను" అంటారు. సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. డిస్కు పోతే రెండూ పోతాయి. ఫార్మాట్ కొట్టేవాడు తొందరలో పార్టిషన్లన్నీ కలిపేసినా రెండూ పోతాయి. బయట ఒక డిస్కులో ఒక కాపీ, షాపులో కాకుండా ఇంట్లో ఇంకో కాపీ. కాపీ చేశాక అందులోంచి ఒక ఫైలు వేరే సిస్టంలో తెరిచి చూడాలి. తెరిచి చూడనంతవరకు అది బ్యాకప్ అని నేను ఒప్పుకోను. ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చెయ్యండి, చాలామంది అది మర్చిపోతారు.

బిట్‌లాకర్ అని ఇంకో మెలిక ఉంది. ఈ మధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో, 11 కొత్తగా వేసిన వాటిలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కు తనంతట తాను తాళం పడుతుంది. మంచిదే, దొంగ ఎత్తుకుపోయినా చదవలేడు. కానీ బయాస్‌లో ఏదైనా మారిస్తే ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ ఎవరిది? సిస్టం వేసిచ్చిన కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ చేసి వెళ్లిపోయాడా? ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? ఇవాళే చూసుకుని, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

10 నుంచి 11కి అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు, రికవరీ పేజీలో గో బ్యాక్ అని ఉంటుంది. పది రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకని మార్చిన వారంలోనే మీరు చేసే ప్రతి రకం పనీ ఒక్కసారైనా చేసి చూడండి. శుభలేఖ, బిల్లు బుక్కు, నాలుగు రంగుల పోస్టరు, అన్నీ. ఇంకా, ముహూర్తాలు ఉన్న నెలల్లో ముట్టుకోకండి. మూఢం ఎప్పుడొస్తుందో పంచాంగంలో చూడండి, పెళ్లిళ్లు లేని రోజులు మనకు ఖాళీ, అప్పుడు పెట్టుకోండి. షాపులో అన్ని సిస్టంలూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి నెల రోజులు దాంతో కాపురం చేసి, ఆ తర్వాత రెండోది. పాతదాన్ని అమ్మేయకండి, ఇంటర్నెట్ వైరు పీకేసి మూలన పెట్టండి. పాత ఫైళ్లు తెరిచి, యూనికోడ్‌కి మార్చుకునే పని అయ్యేదాకా అది ఉండాలి.

ఆ పనికి రోజుకో గంట కేటాయించండి. ముందు మళ్లీ అచ్చుకు వచ్చే అవకాశం ఉన్నవి, రచయిత కాలం చేసినవి. కాలం చేసినవాళ్ల పుస్తకాలు ముందు ఎందుకంటున్నానంటే, మేష్టారిలా వచ్చి పక్కన కూర్చుని దిద్దడానికి వాళ్లు లేరు. ఆ మ్యాటర్ కొట్టిన ఆపరేటర్ మీరే అయితే, ఎక్కడ ఏం ఉండాలో తెలిసిన ఆఖరి మనిషి మీరే.

సరే, ఆ లాప్‌టాప్ దగ్గరకు రండి. అది 6వ తరంది, 4 జీబీ, 11 రాదని తేల్చేశారు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తాను, మింట్ లేస్తుంది. మీలో ఎవరి దగ్గరైనా పాత ఫాంట్‌తో కొట్టిన ఫైలు ఉంటే ఇవ్వండి, మార్చి చూద్దాం. బాబాయ్, మీ చేతిలో ఉన్నది సీడీయేనా? ఇటివ్వండి, డ్రైవ్ తెచ్చాను.